అక్క పంపిన మిషన్లు

అక్కకు,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, నీ మరదలూ క్షేమం. క్షేమంగా లేనిది నాన్న చేసిన కుర్చీ ఒక్కటే. అది చెబుదామనే ఈసారి కార్డు మానేసి ఉత్తరం రాస్తున్నాను.

నా క్లినిక్కు ముందుగదిలో, కిటికీ పక్కన వేసి ఉంటుంది చూడు. నువ్వెక్కడ చూశావులే, ఎప్పుడూ రాలేదుగా. నేను పళ్ల డాక్టరు చదువు పూర్తిచేసిన ఏడు నాన్న చేసిచ్చిన చేతుల కుర్చీ. ఇన్నేళ్లుగా ఊళ్లో వాళ్ల పంటినొప్పులన్నీ మోసింది. మొన్న మా పోస్టుమాస్టరు దవడ పట్టుకుని వచ్చి అందులో కూర్చున్నాడు. మనిషి కాస్త భారీ. కూర్చున్నవాడు కూర్చున్నట్టు ఉండకుండా, గోడ మీద పళ్ల బొమ్మ చూద్దామని వెనక్కి వాలాడు. వెనక కాలు దగ్గర టక్కుమంది. ఆ తర్వాత వచ్చిన చప్పుడు కుర్చీదో, ఆయనదో తేల్చుకోలేకపోయాను. లోపలి గదిలో నోరు తెరుచుకుని ఉన్న పేషెంటు, "డాక్టరుగారూ, మీరింకా నన్ను ముట్టుకోనే లేదు, అరిచిందెవరు?" అన్నాడు.

పోస్టుమాస్టరుకి నడుము పట్టేసింది. పన్ను మాత్రం దానంతటదే ఊడి అరచేతిలోకొచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "మీకంటే మీ కుర్చీకే హస్తవాసి బాగుందండీ" అన్నాడు.

కాలూ అడ్డకర్రా కలిసే చోట లోపల నాన్న బిగించినవి విరిగిపోయాయి. బజారువి తెచ్చి పెట్టి చూశాను. ఒక సైజు గలగలలాడుతుంది, దాని పై సైజు లోపలికి పోనేపోదు. నాన్నది ఆయన సొంత కొలత కదా. అందుకని ఆ పాత మిషను ఉంది చూడు, హ్యాండిల్ తిప్పేది, అది పంపు. పని కాగానే తిరిగి పంపేస్తాను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: నీ ఒంట్లో ఎలా ఉంది? ముందే అడగాల్సింది.

*

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. నీ ఉత్తరం చూసి ముందు హడలిపోయాను. ఏటా ఒక అచ్చు కార్డు, దాని కింద సంతకం బదులు క్లినిక్కు రబ్బరు ముద్ర. అంతే కదా నీ దగ్గర్నుంచి వచ్చేది. కవరు బరువుగా ఉండేసరికి ఎవరికేమైందోనని గుమ్మంలోనే కూర్చుని చింపాను. కుర్చీకి అయిందని తెలిసి ప్రాణం లేచొచ్చింది.

కుర్చీ కాలు విరిగితే మిషను దేనికా అని చాలాసేపు ఆలోచించాను. మళ్లీ ఎవరన్నా పడితే నడుములు విరక్కుండా మెత్తలు కుట్టిద్దామనుకున్నావు కాబోలు. మంచి ఆలోచనే. ఉద్యోగమంతా బడిపిల్లలకి కుట్టుపని నేర్పడంలోనే గడిపినదాన్ని, మిషను అంటే నాకు వేరే చెప్పాలా? అమ్మ కుట్టుమిషను తుడిచి, నూనె పోసి, పెట్టెలో గడ్డి పరిచి పంపుతున్నాను. నువ్వన్నట్టు హ్యాండిల్ తిప్పేదే. మధ్యమధ్యలో దారం తెంపుతుంది. కొట్టకండి, కాసేపు వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. అమ్మ కూడా దానితో అలాగే వేగింది.

నా ఒంటికేం, బాగానే ఉంది. మోకాళ్లు మెట్ల దగ్గర మాట్లాడతాయి, అంతే.

ఉంటాను,
అక్క

తా.క.: మరదలికి కుట్టు రాదని తెలుసు. నువ్వే కుట్టు. చిగుళ్లకి కుట్లు వేసేవాడివి, గుడ్డకి వెయ్యడం ఎంతసేపు? పైగా గుడ్డ అరవదు.

*

అక్కకు,

నమస్కారాలు. పెట్టె చేరింది. పోస్టుమాస్టరే కుంటుకుంటూ మోయించుకొచ్చి, "నా నడుము బాగుపడటం మీ ఇంట్లో ఎవరికీ ఇష్టం లేనట్టుంది" అని గుమ్మంలో దించాడు. మూత తియ్యగానే నూనె వాసన కొట్టింది. అమ్మ పక్కన నేల మీద కూర్చుని హ్యాండిల్ తిప్పేవాణ్ని కదా, ఆ వాసనే. అది వేరే సంగతి.

అసలు సంగతి, నేనడిగింది ఇది కాదు. నేనడిగింది నాన్న మిషను! నీ మరదలు మాత్రం దీన్ని వదలడం లేదు. పేషెంట్ల మెడకి కట్టే గుడ్డలు కుట్టడం మొదలుపెట్టింది. మొదటిదానికి మెడ దగ్గర చోటు తక్కువ పెట్టింది. ఒకాయన తల దూరింది కానీ తిరిగి రాలేదు. చివరికి కత్తెర తెచ్చాం. కత్తెర చూసి ఆయన, "డాక్టరుగారూ, నాకు నొప్పి పన్నులోనే, మెడలో కాదు" అన్నాడు.

ఈసారి సరిగ్గా విను. పోత ఇనుముది. బల్ల అంచుకి మరలతో బిగించి ఉంటుంది. ఒకవైపు నుంచి లోపలికి పెట్టి హ్యాండిల్ తిప్పుతుంటే రెండోవైపు నుంచి బయటికొస్తుంది. నువ్వు ఎన్నిసార్లు తిప్పలేదు! ఇంతకంటే వివరం నీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: నాన్న షెడ్డు ఇంకా ఉందా? కప్పు ఉందా, దిగబడిందా?

*

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఎంత మతిమరుపు నాది! పోత ఇనుముది, బల్ల అంచుకి బిగించేది, ఒకవైపు పెట్టి తిప్పితే రెండోవైపు వచ్చేది. ఇన్ని గుర్తులు చెప్పాక కూడా తెలుసుకోలేకపోతే నేనెందుకు? కైమా మిషను అని ఒక్క మాట రాస్తే మొదటిసారే పంపేదాన్ని కదరా.

అది నాన్నదని రాశావు. ఆదివారాలు నాన్నే మాంసం కొట్టేవాడు కాబట్టి అలా గుర్తుండిపోయి ఉంటుంది. హ్యాండిల్‌కి ఉన్న చెక్క పిడి ఊడిపోతే కొత్తది తొడిగాను. బూడిద పెట్టి తోమాను. ఇంకా నల్లగా ఉందని మరదలు అంటే, అది మురికి కాదు, వయసు అని చెప్పు.

షెడ్డు ఉంది. కప్పు కూడా ఉంది.

అక్కడ మీకు వానలు పడుతున్నాయా? నువ్వు పొద్దున్నే నడవడానికి వెళ్తావా, మానేశావా? పేషెంట్లు బాగా వస్తున్నారా? మరదలు రాత్రి భోజనం ఎన్నింటికి పెడుతుంది? అన్నిటికీ జవాబు రాయి. మిషను సంగతి ఒక్కటీ రాసి ఊరుకోకు.

ఉంటాను,
అక్క

తా.క.: ఊళ్లోవాళ్ల పళ్లన్నీ పీకేసి, ఆనక వాళ్లకి నమిలి పెట్టడానికి మిషను తెప్పించుకుంటున్నావంటే, నీ ముందుచూపుకి మెచ్చుకోవాలి.

*

అక్కకు,

నమస్కారాలు. వానలు పడుతున్నాయి. నడుస్తున్నాను. భోజనం ఎనిమిదింటికి. పేషెంట్ల సంగతి ఇప్పుడు చెబుతాను.

నువ్వు పంపిన కైమా మిషను ఎలా ఉందో చూద్దామని లోపలి గదిలో నా బల్ల అంచుకి బిగించాను. ఊరికే హ్యాండిల్ తిప్పుతున్నాను. ఎందుకో ఆపబుద్ధి కాలేదు, తిప్పుతూనే ఉన్నాను. ఇంతలో పంటినొప్పితో వచ్చినావిడ తలుపు తీసింది. నన్ను చూసింది, మిషను చూసింది, దాని పక్కనే పళ్లెంలో పెట్టిన పటకార్లు చూసింది. "తగ్గిపోయిందండీ" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. ఇప్పుడు వీధిలో నా గురించి ఏమనుకుంటున్నారో నేను వినదలుచుకోలేదు.

అక్కా, ఇదీ కాదు. చీలలు చేసే మిషను! కుర్చీ కాళ్ల బెజ్జాల్లో నాన్న జిగురు పూసి దిగ్గొట్టేవాడే, వేలి మందాన గుండ్రటి చెక్క చీలలు, అవి చేసేది. పలకల పుల్ల ఇటు పెట్టి నువ్వు హ్యాండిల్ తిప్పేదానివి. లోపల బ్లేడు గిరగిరా తిరిగి అంచులన్నీ చెక్కేసేది. అటువైపు గుండ్రటి పుల్ల వచ్చేది. దాని కొస పట్టుకుని మెల్లగా లాగుతూ నడవడం నా పని. చేతిలోకొచ్చేసరికి పుల్ల వెచ్చగా ఉండేది. నాన్న దాన్ని ముక్కలు కోసి, నాలుగైదు నోట్లో పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి కొట్టేవాడు. చీలలు నోట్లో ఉండగా ఆయన నన్నేం తిట్టేవాడో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇన్ని గుర్తులు చెప్పాను. ఇక పిండి మిషను పంపకు.

కుర్చీ ముక్కల్ని నీ మరదలు మూటగట్టి అటకెక్కించింది. నన్ను ముట్టుకోనివ్వడం లేదు. మిషను వచ్చాకే దించుతుందట.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: కాసిని ఎండు చెక్కలు కూడా పంపు. ఇక్కడ దొరికేవన్నీ పచ్చివి. రెండు రోజులకే వంకర తిరుగుతున్నాయి. నాన్న వాడే రకమైతే మరీ మంచిది.

*

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. నువ్వు చెప్పిన మిషను కోసం వెతుకుతున్నాను. ఎక్కడో పెట్టాను. దొరకగానే రాస్తాను.

ఈలోగా నువ్వడిగిన ఎండు చేపలు పంపుతున్నాను. మీ దగ్గర అన్నీ పచ్చివే దొరుకుతాయని తెలియదురా. చెబితే ఎప్పుడో పంపేదాన్ని. నాన్న తినే రకమే అడిగావు, అది ఇప్పుడు అరుదు. రేవు దగ్గర ముసలాయన్ని బతిమాలి తెచ్చాను. రెండు రోజులకే వంకర తిరుగుతున్నాయని రాశావు. చేప వంకర తిరిగితే తప్పు చేపది కాదు, ఎండబెట్టిన వాళ్లది.

నీ రాత చదవడానికి కళ్లద్దాల మీద భూతద్దం పెట్టాల్సొచ్చింది. డాక్టర్ల రాత అలాగే ఉంటుందంటారు కానీ, నీది ఇంతకుముందు ముత్యాల్లా ఉండేది. తొందరలో రాశావా?

ఉంటాను,
అక్క

తా.క.: మూట గాలి తగిలేచోట విప్పు. క్లినిక్కులో మాత్రం విప్పకు.

*

అక్కకు,

నమస్కారాలు. క్లినిక్కులోనే విప్పాను. నీ తా.క. నేను చదివేసరికి ఆలస్యమైంది. నోరు తెరిచినవాడు టక్కున మూసేశాడు, నా వేలు లోపలుండగానే. పోస్టుమాస్టరైతే మూట తెచ్చిన సంచీని పోస్టాఫీసు వెనక తాడు మీద ఆరేశాడు. వీధిలో పిల్లులన్నీ ఇప్పుడు అక్కడే ఉద్యోగం చేస్తున్నాయి.

నేనడిగింది చెక్కలు. ఎండు చెక్కలు!

రాత మారిందేమిటని చూస్తున్నావా? ఈ ఉత్తరం నేను చెబుతుంటే నీ మరదలు రాస్తోంది. (అవును వదినా, నేనే. చేపలు చాలా బాగున్నాయి.) నువ్వు చెక్కల్ని చేపలుగా చదవడం నీ కళ్ల తప్పు కాదు. డాక్టరు రాత కూడా కాదు. కిందటేడు చలికాలం నుంచి నా కుడిచెయ్యి వణుకుతోంది. మొదట చలి అనుకున్నాను. ఎండాకాలం వచ్చింది, వణుకు పోలేదు. పెద్ద ఆసుపత్రిలో చూపించాను. మందులిచ్చారు. ఇది తగ్గేది కాదు, పెరక్కుండా చూసుకోవాలి అన్నారు. వణికే చేత్తో మనిషి నోట్లో పనిముట్టు పెట్టకూడదు కదా. పీకడం, కొయ్యడం మానేశాను. చూసి మందు రాసివ్వడం వరకే. ఆ రాతా ఇప్పుడు ఇలా అయింది. (మందుల షాపతను రోజూ వచ్చి ఏం రాశారని నన్నడుగుతాడు వదినా.) నువ్వు మధ్యలో దూరకు. (దూరను.)

నీకెందుకు చెప్పలేదంటే, ఏం చెప్పమంటావు? ఇన్నేళ్లూ క్షేమమని కూడా చేత్తో రాయని వాణ్ని, చెయ్యి పోయిందని రాయమంటావా?

కుర్చీ విరిగిన రోజు ముక్కలు ఏరుతుంటే ఒక చీల ముక్క చేతిలోకొచ్చింది. దాని మీద బ్లేడు గీతలు ఇంకా ఉన్నాయి. అది నువ్వు తిప్పగా, నేను పట్టుకోగా వచ్చిందేనేమో అనిపించింది. నాన్న చేసిచ్చేనాటికి మనిద్దరం పెద్దవాళ్లమయ్యాం, అలా అయుండదు, తెలుసు. అయినా అనిపించింది. అప్పుడే నీకు రాశాను.

ఇంకో మాట. నువ్వు పంపిన తప్పుడు మిషన్ల పుణ్యమా అని ఒకటి తెలిసింది. పెన్ను పట్టుకుంటే వణుకుతుంది, చెంచా పట్టుకుంటే వణుకుతుంది. హ్యాండిల్ పట్టుకుని తిప్పుతున్నంతసేపు చెయ్యి కుదురుగా ఉంటుంది. అమ్మ మిషను తిప్పి చూశాను, కైమా మిషను తిప్పి చూశాను, రెంటికీ అంతే. (నాకు కుట్టుపనికి ఇప్పుడు తిప్పే మనిషి ఉన్నాడు వదినా.) అందుకే నాన్న మిషను కావాలంటున్నాను. ఊరికే తిప్పడం కాకుండా, తిప్పితే ఏదో ఒకటి తయారవ్వాలి కదా.

అమ్మేసి ఉంటే చెప్పెయ్యి. ఏమీ అనుకోను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: చేపలు నిజంగానే బాగున్నాయి. నాన్న గుర్తొచ్చి ఒకటి ఎక్కువే తిన్నాను.

*

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. నీ ఉత్తరం చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివాను. బయటికెళ్లి మొక్కలకి నీళ్లు పోసి వచ్చి మళ్లీ చదివాను. పోసిన మొక్కలకే రెండుసార్లు పోసినట్టున్నాను.

మిషను అమ్మలేదురా. పోగొట్టుకోనూ లేదు. నువ్వు మొదటి ఉత్తరంలో 'ఆ పాత మిషను' అన్నప్పుడే ఏదో నాకు తెలుసు. కుర్చీ కాలు ఊడినవాడు కుట్టుమిషను అడగడని తెలుసుకోలేనంత మతి పోయిందా నాకు? కైమా మిషనూ తెలిసే పంపాను. చేపలు మాత్రం ఒట్టు, నిజంగానే చేపలని చదివాను. అక్కడే నాకు అనుమానమొచ్చింది. వాడి రాత ఇలా ఉండదే అనుకుంటూనే మూట కట్టాను.

ఎందుకు పంపలేదని అడుగు. అడక్కపోయినా చెబుతాను. ఇన్నేళ్లకి నీ చేతిరాత చూశాను. మిషను పంపితే ఏమవుతుంది? చీలలు చేసుకుంటావు, కుర్చీ బిగించుకుంటావు, 'అందింది, కృతజ్ఞతలు' అని కార్డు రాసి కింద ముద్ర కొడతావు. అంతే. మళ్లీ ఏ పోస్టుమాస్టరు పడతాడోనని ఎదురుచూస్తూ కూర్చోవాలి నేను. అందుకని కుట్టుమిషను పంపాను. కోపంగా ఇంకో ఉత్తరం వచ్చింది. ఎంత బాగుందనుకున్నావు! నీ కోపం కూడా నాన్న కోపంలాగే ఉంది, సగం అర్థం కాదు. సరే, ఇంకోటి పంపి చూద్దామనుకున్నాను. నీ చెయ్యి సంగతి తెలిసుంటే ఇలా ఆడేదాన్ని కాదు.

రమ్మని నువ్వు అనలేదు, వస్తానని నేనూ అనలేదు. నువ్వు పెద్ద డాక్టరువి, తీరిక ఉండదని నేననుకున్నాను. నువ్వేమనుకున్నావో నాకు తెలియదు.

నీకు తెలియని సంగతి ఇంకోటుంది. ఉద్యోగం అయిపోయాక షెడ్డు తాళం తీశాను. మిషను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కిరసనాయిలు పోస్తూ, గుడ్డ పెట్టి రుద్దుతూ, పాటలు పాడుతూ ఎలాగో కదిల్చాను. మొదట్లో నేను చేసిన చీలలు ముల్లంగి దుంపల్లా ఉండేవి, ఒక చివర లావు, ఒక చివర సన్నం. పుల్ల తిన్నగా లేకపోతే చీల తిన్నగా రాదని తెలియడానికి చాలా కట్టెలు పొయ్యిలోకెళ్లాయి. ఇప్పుడు బాగా వస్తాయి. బడిపిల్లలకి స్టూళ్లు చేస్తున్నాను. కుట్టు టీచరమ్మ స్టూళ్లని పేరు. పిల్లలు వాటి మీద ఎక్కి గెంతుతారు, ఇంతవరకూ ఒక్కటీ విరగలేదు. మీ పోస్టుమాస్టరు వచ్చినా కూర్చోబెడతాను.

ఒక్కటే ఇబ్బంది. హ్యాండిల్ దగ్గర నేను ఉంటాను, అటువైపు పుల్ల పట్టుకునేవాళ్లు లేరు. పొడుగు పుల్ల బయటికొచ్చి కొస ఊగిపోతుంది, ఊగి విరుగుతుంది. అందుకని నువ్వు నిలబడేచోట ఒక స్టూలు వేసి దాని మీద పాత దిండు పెట్టాను. పుల్ల వచ్చి దాని మీద వాలుతుంది. దిండుకి లాగుతూ వెనక్కి నడవడం రాదు కదా. పొట్టి చీలలే చేసుకుంటున్నాను.

సరే, నీ చెయ్యి అడుగుతోంది కాబట్టి పంపుతున్నాను. ఈసారి నిజంగా నాన్న మిషనే. బల్ల మరలు విప్పుతుంటే చోటు ఖాళీ అయిపోతుందని కాస్త దిగులేసింది కానీ విప్పేశాను. ఎండు చెక్కలు కూడా పెట్టాను. వాసన చూసుకో, చెక్కలే.

ఉంటాను,
అక్క

తా.క. 1: లోపలి పళ్ల చక్రంలో రెండు పళ్లు అరిగాయి. నువ్వే చూడాలి, నీ పనే అది.

తా.క. 2: పెట్టెలో హ్యాండిల్ లేదని గోల పెట్టకు. మర్చిపోలేదు. హ్యాండిల్ నా దగ్గరుంది. పోస్టులో పంపను. కావాలంటే వచ్చి తీసుకో.

*

అక్కకు,

నమస్కారాలు. ఇదీ నీ మరదలి రాతే, మాటలు నావి.

మిషను చేరింది. ఈసారీ పోస్టుమాస్టరే మోయించుకొచ్చాడు. కూర్చోమంటే మాత్రం ఎందుకో నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. పెట్టె తెరిచి, హ్యాండిల్ కోసం గడ్డి అంతా తీసి నేల మీద పరిచాను. తర్వాత నీ ఉత్తరం చదివాను. ఆ గడ్డిలోనే కూర్చుని నవ్వాను. నీ మరదలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియక, ముందు మంచినీళ్లు తాగించింది.

హ్యాండిల్ లేకపోతేనేం, పక్కవీధి సైకిల్ షాపతను పెద్ద పానా పెట్టి తిప్పుతానన్నాడు. వద్దన్నాను.

శుక్రవారం బయల్దేరుతున్నాను. మిషను మళ్లీ పెట్టెలో పెట్టించాను, నాతోనే వస్తోంది. దాని బల్ల అక్కడుంటే ఇక్కడ దేనికి బిగించను? క్లినిక్కు నా దగ్గర పని నేర్చుకున్న డాక్టరమ్మాయికి అప్పజెప్పాను. నాకంటే నెమ్మదిగా పీకుతుంది, పేషెంట్లు తక్కువ అరుస్తున్నారు. కాబట్టి నాకు తొందరేం లేదు. ఎన్నాళ్లుంటానని అడక్కు. కుర్చీకి కావలసిన చీలలు పూర్తయ్యేదాకా అనుకో. వణికే చేత్తో పట్టుకుంటే నీ పుల్ల తిన్నగా వస్తుందో రాదో తెలియదు. రాకపోతే నువ్వు పట్టుకుందువుగాని, నేను తిప్పుతాను.

ఆ దిండు తీసెయ్యి.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: వదినా, ఆయన పెట్టెకి తాడు కట్టించడానికి వీధిలోకెళ్లారు. గబగబా రాస్తున్నాను. ఈ ముక్క ఆయనకి చెప్పకండి. కుర్చీ బాగైపోయి చాలా రోజులైంది. పోస్టుమాస్టరుగారే సిగ్గుపడి, వారం తిరక్కుండా వాళ్ల బావమరిది వడ్రంగిని తీసుకొచ్చి, విరిగినవి తొలిపించి, బెజ్జాలు కాస్త పెద్దవి చేయించి బజారు చీలలతో బిగించేశారు. ఆ రోజు ఈయన ఇంట్లో లేరు. వచ్చాక చెబుదామనుకున్నాను. కానీ చెయ్యి వణకడం మొదలైన దగ్గర్నుంచి ఈయన మాట్లాడటమే తగ్గించేశారు వదినా. అలాంటిది మీకు ఉత్తరం రాయడానికి కూర్చుంటే తనలో తను తిట్టుకుంటారు, నవ్వుకుంటారు, లేచి వచ్చి నాకు చదివి వినిపిస్తారు. కుర్చీ బాగైందంటే ఇంకేం రాస్తారు? అందుకని అటక మీద మూటలో పొయ్యి కట్టెలు పెట్టి, కుర్చీని పోస్టాఫీసు వెనకగదిలో దాచాను. పోస్టుమాస్టరుగారు రోజూ దాన్లోనే కూర్చుంటున్నారు, రాయిలా ఉందట.

ఇప్పుడు మీరిద్దరూ కలిసి చీలలు చేసి పట్టుకొస్తే పెట్టడానికి చోటేది? మీరు వచ్చేలోగా కుర్చీ మళ్లీ విరగ్గొట్టక తప్పదు. ఏ కాలు విరగ్గొట్టమంటారో నాకు పోస్టాఫీసు పేరు మీద వెంటనే రాయండి. పోస్టుమాస్టరుగారు మాత్రం వెనక కాలే మేలంటున్నారు. దాని మీంచి పడటం ఆయనకి అలవాటేనట.